మందు వేసిన నీళ్లు

మా ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ ఉంది. స్కూల్లో స్టాఫ్ రూములో ఈ మాట ఎత్తాలంటే నాకు ఇప్పటికీ మొహమాటమే. మాకేదో బాగా ఎక్కువైందని అనుకుంటారు. నిజానికి మేం కోరి తవ్వించుకున్నది కాదు. కొల్లూరు దాటాక ఔటర్ రింగ్ రోడ్డు పక్కన నాయనకు మిగిలిన మెట్ట చెలకను బిల్డర్‌కు ఇస్తే, అతను వరసగా విల్లాలు కట్టి మా వాటాకు ఒకటి ఇచ్చాడు. ప్రతి ఇంటి వెనకా ఒక చిన్న పూల్ ఉండాలని అతని ప్లానులోనే ఉంది. గృహప్రవేశం రోజు మా మేనత్త వెనక్కి వెళ్లి చూసొచ్చి, ఇంట్లో బర్రెలు లేవు, బాతులు లేవు, ఈ కుంట ఎవరికోసమని అడిగింది.

మొదటి ఎండాకాలం చుట్టాల పిల్లలందరూ దిగారు. రెండో ఎండాకాలానికి సగం మందే వచ్చారు. ఆ తర్వాత దాని చుట్టూ పరిచిన టైల్స్ మీద నేను మిరపకాయలు ఎండబెట్టుకున్నాను. ఎండ బాగా పడుతుంది, కోళ్లు రావు. ఆ పూల్ వల్ల మాకు కలిగిన లాభం అదొక్కటే అనుకునేదాన్ని.

అందులో ఎవరు దిగినా దిగకపోయినా చాకిరీ మాత్రం తప్పదు. పొద్దున ఆరింటికి లేచి పొడుగు కర్రకు బిగించిన జాలితో ఆకులు, పురుగులు తీయాలి. మోటారు నీళ్లు పీల్చుకునే చోట ఒక ప్లాస్టిక్ బుట్ట ఉంటుంది, దాన్ని పైకి లాగి దులపాలి. వానాకాలంలో అందులో రోజుకో కప్ప కూర్చుని, ఆలస్యంగా వచ్చిన టీచర్‌ను హెడ్మాస్టర్ చూసినట్టు నన్ను చూస్తుంది. వారానికి రెండుసార్లు గోడలకు బ్రష్ కొట్టాలి, లేకపోతే పాకుడు పట్టి కాలు జారుతుంది. ఇసుక నింపిన ఫిల్టర్‌లోకి నీళ్లు ఎదురు తిప్పి కడగాలి. ఆ తర్వాత క్లోరిన్ వేయాలి. దాన్ని మా ఇంట్లో ఎవరూ క్లోరిన్ అనలేదు, మందు అనే అన్నాం. ఇల్లు కొత్తలో మా ఆయన నీళ్ల మీద తేలే కుర్చీ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి, దాంతో తన బాధ్యత తీరిందనుకున్నాడు. మిగతాదంతా నా నెత్తిన పడింది. పూడ్చి పారేసి మునగచెట్లు పెట్టుకుందామని నేను ఎన్నిసార్లు పోట్లాడానో ఆయన్ను అడిగితే చెబుతాడు.

పూడ్చకపోవడమే మంచిదైంది. పోయిన ఏడాది ఎండాకాలం చివర్లో నాయనకు పక్షవాతం వచ్చింది. అమ్మ పోయినప్పటినుంచి ఆయన మా దగ్గరే ఉంటున్నాడు. మాట తిరిగొచ్చింది, చెయ్యి తిరిగొచ్చింది, కుడికాలు మాత్రం రాలేదు. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసేసరికి చెమటలు కారిపోయేవి. పటాన్‌చెరు నుంచి ఫిజియోథెరపీ చేసే ఆమె ఇంటికి వచ్చి, వెనక పూల్ చూసి చాలా సంబరపడింది. నడుము లోతు నీళ్లలో నడిస్తే ఒంటి బరువు కాలి మీద పడదని, రోజూ అరగంట నడిపిస్తే చాలని చెప్పింది. వెళ్లేముందు నన్నొక్కదాన్నే గేటు దాకా పిలిచి, రాబోయే రెండు మూడు నెలల్లో ఆ కాలు కదిలితే కదిలినట్టని, ఇలాగే బిగుసుకుపోతే ఇక మంచమేనని చెప్పింది. అప్పుడు ఆషాఢం. దసరా దాటితే నీళ్లు చల్లబడిపోతాయి. నా చేతిలో ఉన్న గడువు అంతే.

నాయనకు నీళ్లంటే భయమనుకునేరు. మా ఊళ్లో సగం మందికి ఈత నేర్పింది ఆయనే. మా పొలంలో మెట్లున్న పెద్ద బావి ఉండేది. రోజూ పొద్దున్నే దిగే ముందు కింది మెట్టు మీద కూర్చుని, దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని పుక్కిలించి పక్కకు ఉమ్మేవాడు. అది చేయకుండా ఒక్కరోజు కూడా నీళ్లలో కాలు పెట్టలేదు. నీళ్లను ముందు పలకరించాలనేవాడు.

ఆడపిల్లకు ఈత ఎందుకని నాయనమ్మ గొణుగుతున్నా నన్ను ఏడేళ్లకే దింపాడు. ఎండిన ఆనపకాయ బుర్రను నా వీపుకు కట్టి, కడుపు కింద తన అరచెయ్యి పెట్టేవాడు. వారం తర్వాత బుర్ర విప్పేశాడు, చెయ్యి ఒక్కటే మిగిలింది. చెయ్యి తియ్యకు నాయనా అని నేను అరుస్తూనే ఉండేదాన్ని. తియ్యలే బిడ్డా, పట్టుకునే ఉన్న అని ఆయన అంటూనే ఉండేవాడు. ఒకరోజు ఆ మాట కాస్త దూరంనుంచి వచ్చినట్టనిపించి తల తిప్పి చూశాను. ఆయన మెట్ల మీద కూర్చుని తీరిగ్గా బీడీ ముట్టిస్తున్నాడు. నేను బావి నడిమధ్య ఉన్నాను. నాకు ఈత వచ్చేసింది. ఒడ్డుకు వచ్చి కోపంతో ఆయన నోట్లో బీడీ లాగి నీళ్లలో పడేశాను. అంత సంతోషం నా జీవితంలో మళ్లీ ఎప్పుడు పడ్డానో గుర్తు లేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా ఆ బావి పాడైంది. మా పొలానికి ఎగువన ఫ్యాక్టరీలు వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. మొదట బర్రెలు ఆ నీళ్లు తాగడం మానేశాయి. తర్వాత నీళ్లు పలచని చాయ్ రంగుకు తిరిగాయి. ఒకరోజు నాయన ఎప్పటిలాగే దోసెడు నోట్లో పోసుకుని, వెంటనే ఉమ్మేసి, మెట్లెక్కి వచ్చేశాడు. మళ్లీ దిగలేదు. సీసాలో ఆ నీళ్లు పట్టుకుని ఒక్కో ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్లి అడిగాడు. మా దగ్గర్నుంచి ఏం రావడం లేదని అందరూ ఒకే మాట అన్నారు. ఎవరో ఆఫీసర్లు వచ్చి సీసాల్లో నీళ్లు నింపి, పైన చీటీలు అంటించి తీసుకుపోయారు. వాటిలో ఏం తేలిందో ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఆ బావిని పూడ్చేశారు. దాని మీదుగా ఇప్పుడు రోడ్డు పోతుంది.

ఇదంతా తెలిసిన దాన్ని కనుక, నాయనను పూల్ దగ్గరికి తీసుకెళ్లిన మొదటి రోజే నాకు పరిస్థితి అర్థమైంది. ఒడ్డున కుర్చీ వేసి కూర్చోబెట్టాను. మెట్ల దగ్గర స్టీలు కడ్డీ చూపించి, అది పట్టుకుని మెల్లగా దిగొచ్చని చెప్పాను. ఆయన కాసేపు ముక్కు ఎగబీల్చి, మందు వాసన వస్తోంది, ఇంట్లోకి పోదాం పద అన్నాడు. కుర్చీ మడిచి తీసుకొచ్చాను.

ఆ సాయంత్రం నుంచి మందు తగ్గించాను. నాలుగు చెంచాలు వేసేచోట రెండు వేశాను. మర్నాడు కూడా వాసన వస్తోందన్నాడు. ఒకటిన్నర చెంచాకు తగ్గించాను. నాలుగు రోజుల తర్వాత, మందేసినవా బిడ్డా అని సూటిగా అడిగాడు. లేదు నాయనా అన్నాను. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యమేసింది. ఆ తర్వాత రోజూ అదే తంతు. ఆయన మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు నేను పిల్లిలా వెనక్కి వెళ్లి చిటికెడంత మందు వేసేదాన్ని. సాయంత్రం ఆయన అడిగేవాడు, లేదనేదాన్ని. ఆయన నీళ్ల వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి లోపలికి పోదామనేవాడు.

విచిత్రం ఏమిటంటే, నేను ఎంత తగ్గిస్తే వాసన అంత ఘాటెక్కింది. నీళ్ల నిగనిగ పోయింది. పావురాలు ఒడ్డున చేరి నానా గలీజు చేసేవి, వాన పడితే అదంతా నీళ్లలోకే. మూలల్లో పాకుడు మొదలైంది. బ్రష్ కొట్టీ కొట్టీ నా భుజం పట్టేసింది. శ్రావణం కూడా గడిచిపోయింది, నాయన కాలు రోజురోజుకూ కర్రలా బిగుస్తోంది. నాకు నీళ్ల మీద కోపం, నాయన మీద కోపం, స్కూల్లో ఏ పాపమూ ఎరుగని ఎనిమిదో తరగతి పిల్లల మీద కోపం. ఓ మధ్యాహ్నం రాజస్థాన్ ఎడారి గురించి పాఠం చెబుతూ, నీళ్లు లేకపోతేనే సుఖం అన్నాను. పిల్లలు నోట్సులో రాసుకోబోయారు.

చివరికి పూల్ చూసే అతన్ని పిలిచాను. జహీరాబాద్ వైపు మనిషి, నలభై దాటినవాడు, ఈ చుట్టుపక్కల విల్లాలన్నిటికీ అతనే. ఒకప్పుడు ఫ్యాక్టరీలో నీళ్లు శుద్ధి చేసే సెక్షన్‌లో పనిచేశాడు. అతను వచ్చేసరికి నాయన ఒడ్డున కుర్చీలోనే ఉన్నాడు. అతను రెండు చిన్న గాజు బుడ్లలో పూల్ నీళ్లు పట్టి, మొదటిదాంట్లో పరీక్ష చేసే ఒక గోళీ వేసి ఊపాడు. రంగు రాలేదు. రెండోదాంట్లో ఇంకో రకం గోళీ వేసి ఊపితే గులాబీ రంగు వచ్చింది. రెండూ ఎండకు పట్టి చూసి తల ఊపాడు.

“మేడం, మందైతే ఉన్నది. గని పనికొచ్చే మందు లేదు. రోజు జెర జెర ఏస్తున్నరు కదా మీరు?”

నాయన నా వైపు తిరిగాడు. నేను ఆయన వైపు చూడలేదు. అతనికి మా సంగతేం తెలుసు పాపం, చెప్పుకుంటూ పోయాడు. మందు మురికిని చంపాలంటే సరిపడా ఉండాలట. తక్కువ వేస్తే చంపలేక మురికికే అతుక్కుపోతుందట. ముక్కు పగిలేలా వచ్చేది ఆ అతుక్కున్నదాని వాసనట. మొదటి గోళీకి అది దొరకదట, రెండోదానికే రంగు చూపిస్తుందట. అందరూ వాసన వస్తే మందు ఎక్కువైందనుకుంటారని, నిజానికి తక్కువైతేనే వస్తుందని అన్నాడు. ఒక్కసారి గట్టి మోతాదు వేసి మోటారు నడిపిస్తే వాసన దానంతటదే పోతుందని, అదీ పొద్దుగూకాకే వేయాలని, ఎండలో వేస్తే ఎగిరిపోతుందని చెప్పాడు. ఎంత వేయాలో చెప్పిన మోతాదు విని నేను అదిరిపడ్డాను. బుడ్లు కడుక్కుని వెళ్లిపోయాడు.

ఇది ఇంకెవరూ చేయని తప్పు. బావి పోగొట్టుకున్న ఇంట్లో పుట్టినవాళ్లే చేస్తారు. మందు డబ్బా చేతిలోకి తీసుకుంటే చాలు, నా చెయ్యి వెనక్కి గుంజేది. తక్కువ వేస్తే తక్కువ పాపం అనుకున్నాను. ఆ తక్కువే నీళ్లను పాడుచేసింది.

అతను వెళ్లాక నాయన ఒక్క మాట అనలేదు. అనకపోయేసరికి నాకు మంట పుట్టి నేనే మొదలుపెట్టాను. వెయ్యకపోతే నీళ్లు ఆకుపచ్చగా తిరుగుతాయని, దోమలు గుడ్లు పెడతాయని, వేశానంటే నువ్వు దిగవని, దిగకపోతే నీ కాలు పోతుందని, నేనేం చెయ్యాలో నువ్వే చెప్పమని గడగడా అనేశాను. ఆయన రెండు చేతులతో వాకర్ పట్టుకుని లేచి, మెల్లగా ఒక్కడే లోపలికి వెళ్లాడు. ఆ పూట సగం రొట్టె తిని ప్లేటు పక్కకు జరిపాడు.

మర్నాడు నేను చాయ్ తీసుకెళ్తే ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చోమన్నాడు. చాయ్ తాగకుండానే మాట్లాడాడు.

“వాసనకు భయపడుతున్న అనుకుంటున్నవా బిడ్డా? బాయి కరాబైందని గూడ నాకు గంత గోస లేకుండె. పది మందిని అడిగిన, ఒక్కడన్న నిజం చెప్పలే. ఏం కలుస్తుందో చెప్తే మనిషి ఎట్లనో తట్టుకుంటడు. నువ్వు మందు ఏస్తున్నవని నాకు మొదటి దినమే ఎరుక. రోజు ఎందుకు అడిగిననంటే, ఇయ్యాలన్న చెప్తదేమో నా బిడ్డ అని.”

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి, చాయ్ చల్లారుతోంది తాగుదాం అన్నాడు. కప్పు ఒక్కటే ఉంది. సగం ఆయన తాగి సగం నాకిచ్చాడు.

ఆ సాయంత్రం మందు డబ్బా తెచ్చి నాయన కుర్చీ ముందు పెట్టాను. దాని మీద ఏం రాసుందో చదవమన్నాడు. చదివాను. దాని అసలు పేరు ఏంది, ఎంత వేస్తావు, ఒంటికి తగిలితే ఏమైతది, ఎన్ని రోజులకు పోతది, అన్నీ అడిగాడు. ఇరవై ఏళ్లుగా పిల్లల్ని ప్రశ్నలడిగి బతికినదాన్ని, అలా పరీక్ష రాయాల్సి వస్తుందనుకోలేదు. తెలిసినవి చెప్పాను. తెలియనివి అక్కడే పూల్ చూసే అతనికి ఫోన్ చేసి అడిగి చెప్పాను. బకెట్ నిండా నీళ్లు పట్టి అందులో పొడి కలిపాను. పొడి మీద నీళ్లు పోయకూడదు, నీళ్లలోకే పొడి వేయాలి, అది కూడా ఎందుకని అడిగాడు. పొద్దు వాలాక అతను చెప్పిన మోతాదంతా ఒడ్డు చుట్టూ తిరిగి మెల్లగా పోశాను. నాయన కుర్చీలోంచి, ఆ మూలకు పడలేదు, అక్కడ కూడా పోయమని పురమాయించాడు.

రెండు రోజులకు నీళ్లు తెల్లబడ్డాయి. మూడో రోజు అడుగున పరిచిన టైల్స్ గీతలు కనిపించాయి. పూల్ చూసే అతని దగ్గర తెప్పించిన మొదటి రకం గోళీని రోజూ బుడ్డిలో వేసి నాయన చేతికే ఇచ్చేదాన్ని. ముదురు గులాబీ రంగు ఇంకా ఎక్కువుందని, లేత రంగు వచ్చేదాకా ఆగాలని ఆయనకు త్వరగానే పట్టుబడింది. ఆరో రోజు బుడ్డిని ఎండకు పట్టి చూసి, ఇయ్యాల సరిపోయింది అన్నాడు. నేను కూడా అప్పుడే గమనించాను, వాసన లేదు.

నేను ముందు దిగాను. మా ఆయన ఒడ్డున నిలబడి నాయన చంకల కింద పట్టుకున్నాడు. ఇన్నాళ్లకు ఈ పూల్ దగ్గర ఆయన చేసిన మొదటి పని అది. నాయన పై మెట్టు మీద కూర్చున్నాడు. కాళ్లు ఇంకా నీళ్లలో పెట్టలేదు. ముందుకు వంగి దోసెడు నీళ్లు తీసుకున్నాడు. ఇవి తాగే నీళ్లు కావు నాయనా, నోట్లో పోసుకోకు అని నేను అనేలోపే పోసుకున్నాడు. పుక్కిలించి పక్కకు ఉమ్మాడు. ముప్పై ఐదేళ్ల కిందట ఇదే పని చేసి మెట్లెక్కి వెళ్లిపోయిన మనిషి.

“జెర చేదున్నది,” అన్నాడు. “గని గిది ఏం చేదో నాకెరుకే.”

కుడికాలును రెండు చేతులతో ఎత్తి తనే నీళ్లలో పెట్టాడు.

ఆ తర్వాత రోజూ నడిచాం. మొదట నేను రెండు చేతులూ పట్టుకుని వెనక్కి నడుస్తుంటే ఆయన ముందుకు వచ్చేవాడు. మిగిలిన భాద్రపదమంతా అలాగే గడిచింది. పాదం ఈడ్చుకుంటూ వచ్చేది కాస్తా, ఒకరోజు మోకాలు వంగింది. ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం కానీ దిష్టి తగులుతుందని పైకి అనలేదు. బతుకమ్మ మొదలయ్యేసరికి ఆయన కడ్డీ పట్టుకుని ఒక్కడే ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తున్నాడు. నేను ఆకులు తీసేటప్పుడు, బ్రష్ కొట్టేటప్పుడు కుర్చీలో కూర్చుని తప్పులు పట్టేవాడు. దిగే ముందు రోజూ ఒకటే ప్రశ్న, మందు ఎంత వేశావని. ఎంత వేశానో అంతే చెప్పేదాన్ని. చెప్పాక దోసెడు నోట్లో పోసుకునేవాడు. ఎంత పోట్లాడినా అది మాత్రం మానలేదు.

దసరా రెండు రోజులుందనగా, నడిచింది చాలు, ఇక ఈత కొడతానన్నాడు. నీళ్లు నడుము లోతే, కాలు దించితే నేల తగులుతుంది. అయినా నాకు భయమే. పడుకో అన్నాను. ఆయన ముందుకు వాలాడు. నా అరచెయ్యి ఆయన కడుపు కింద పెట్టాను. ఎంత తేలికైపోయాడో అప్పుడు తెలిసింది. చేతులు పాత అలవాటు ప్రకారం వాటంతటవే నీళ్లను చీల్చాయి. ఎడమకాలు కొట్టింది. కుడికాలు కాస్త ఆలస్యంగా, దాని వెనకే కదిలింది.

“చెయ్యి తియ్యకు బిడ్డా,” అన్నాడు.

తియ్యలేదు. నాలుగడుగులు పక్కనే నడిచాను. తర్వాత, ఆయన బరువు నా చేతి మీద ఏమీ లేదని అర్థమయ్యాక, చెయ్యి మెల్లగా కిందికి దించాను. ఆయన వెళ్తూనే ఉన్నాడు. నేను అక్కడే ఆగిపోయాను.

“పట్టుకున్నవా?” అని అడిగాడు, తల తిప్పకుండానే.

పట్టుకునే ఉన్న నాయనా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటతోనే ఆయన నాకు ఈత నేర్పాడు. కానీ ఈ నీళ్లలో ఆయనకు అబద్ధం చెప్పనని నేను మాట ఇచ్చుకున్నాను.

“లేదు నాయనా. తీసిన.”

ఆయన చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి.

“ఎప్పుడు?”

“మస్తు సేపైంది.”

నాయన నవ్వాడు. నవ్వుతూ నీళ్లు మింగి, దగ్గి, అలాగే అవతలి గోడ దాకా వెళ్లాడు.